మన పింఛను ఏ జాబితాలో ఉంది?

(కేంద్రం, రాష్ట్రం, జిల్లా: నంద్యాల - ఆళ్ళగడ్డ సీమ చూసిన అధికార పంపకం)

కేంద్ర రాష్ట్ర సంబంధాలు అనగానే అదేదో ఢిల్లీ నాయకులకూ, పెద్ద ప్లీడర్లకూ సంబంధించిన వ్యవహారమని చాలామంది అనుకుంటారు. పేపర్లో ఆ శీర్షిక కనబడితే పేజీ తిప్పేస్తారు. కాని సోదర పింఛనుదారులారా, నెల మొదట్లో మన ఖాతాలో పడే పింఛను కంటే ఆ విషయానికి దగ్గరి ఉదాహరణ మరొకటి లేదు.

మన రాజ్యాంగం ఏడవ షెడ్యూలులో మూడు జాబితాలున్నాయి. 1950లో రాజ్యాంగం అమలులోకి వచ్చేనాటికి కేంద్ర జాబితాలో 97, రాష్ట్ర జాబితాలో 66, ఉమ్మడి జాబితాలో 47 అంశాలు ఉండేవి. కేంద్ర ప్రభుత్వం ఇచ్చే పింఛన్లు మొదటి జాబితాలో 71వ అంశం. రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే పింఛన్లు రెండవ జాబితాలో 42వ అంశం. కార్మికుల ప్రావిడెంటు ఫండు, వృద్ధాప్య పింఛన్లు ఉమ్మడి జాబితాలో 24వ అంశం. నంద్యాలలో ఒకే వీధిలో పక్కపక్క ఇళ్ళలో ఉండే రైల్వే గార్డుగారికి ఒక వేతన సంఘం, తాలూకాఫీసు హెడ్ గుమాస్తాగారికి మరొక వేతన సంఘం వర్తించడం ఇందువల్లనే.

ఇంకొంచెం లోతుకు వెళితే చిత్రమనిపిస్తుంది. రాష్ట్రోద్యోగి రిటైరయితే పింఛను మంజూరు చేసేది రాష్ట్రంలోని ఆయన శాఖ. ఆథరైజేషన్ పంపేది అకౌంటెంట్ జనరల్ ఆఫీసు, అంటే కేంద్ర స్థాయి ఆడిట్ సంస్థ తాలూకు కార్యాలయం. బిల్లు పాసయ్యేది రాష్ట్ర ఖజానాలో. సొమ్ము చేతికిచ్చే బ్యాంకు మళ్ళీ కేంద్ర జాబితాలోనిది. ఒక్క పింఛను కాగితం ఇన్నిసార్లు కేంద్రానికీ రాష్ట్రానికీ మధ్య తిరిగి మన దగ్గరకు చేరుతుంది. అంతా సవ్యంగా నడిచినప్పుడు ఇది మన దృష్టికి రాదు. ఎక్కడో ఒకచోట ఫైలు ఆగినప్పుడే అధికారం ఎవరిది అన్న ప్రశ్న పుడుతుంది.

ఆ ప్రశ్న మన సీమకు కొత్త కాదు. 180 ఏళ్ళ నాడే పుట్టింది. అది కూడా ఒక పింఛను విషయంలోనే!

పదకొండు రూపాయల పది అణాల ఎనిమిది పైసలు

1800లో నిజాము తన అధీనంలోని రాయలసీమ ప్రాంతాలను ఈస్టిండియా కంపెనీకి ధారాదత్తం చేశాడు. కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో పాలెగార్ల ఆయుధ బలాన్ని అణచివేసి, పాలెములు తీసుకుని, బదులుగా కొందరికి భరణాలు ఏర్పాటు చేశాడు. అలా రాజ్యం పోయి భరణం మిగిలిన వంశాలలో నొస్సం పాలెగార్ల వంశం ఒకటి. దానికి బంధువే ఉయ్యాలవాడ నరసింహారెడ్డి. ఈ ఉయ్యాలవాడ ఇప్పుడు ఆళ్ళగడ్డ అసెంబ్లీ నియోజకవర్గంలో ఉంది.

నరసింహారెడ్డికి అందే వాటా నెలకు 11 రూపాయల 10 అణాల 8 పైసలు. వంశంలోని మరో శాఖకు ముట్టే భరణం వారసులు లేక ఆగిపోయింది. ఆ వాటా తమకు రావాలన్నది ఆయన వాదం. కంపెనీ ఒప్పుకోలేదు. అదే సమయంలో ఊళ్ళలో కట్టుబడి బంట్రోతుల ఇనాములను సర్కారు వెనక్కు తీసుకుంటున్నది. అందరి కడుపుమంటా ఒకచోట చేరింది. 1846 జూలైలో కోయిలకుంట్ల ఖజానా మీద దాడి జరిగింది. 1847 ఫిబ్రవరి 22న ఆయనను కోయిలకుంట్లలో బహిరంగంగా ఉరి తీశారు. ఆయన తలను కోట మీద ఏళ్ళ తరబడి వేలాడదీసి ఉంచారు.

ఈ కథ మనందరికీ తెలిసిందే. సినిమాగా కూడా వచ్చింది. అయితే ఆఫీసుల్లో పనిచేసి వచ్చిన మనం దీన్ని ఫైలు నడిచే దారిలో కూడా చూడాలి. ఆ రోజుల్లో కోయిలకుంట్ల కడప కలెక్టరు కింద ఉండేది. భరణం అడిగేది కోయిలకుంట్ల తాసీల్దారును. ఆయనకు నిర్ణయించే అధికారం లేదు. పైన కడప కలెక్టరు, ఆ పైన మద్రాసు రెవిన్యూ బోర్డు, దాని పైన గవర్నరు, అందరికీ పైన ఓడ ప్రయాణం అవతల లండనులో కంపెనీ డైరెక్టర్లు. వినేవాడికి ఇచ్చే అధికారం లేదు. ఇచ్చే అధికారం ఉన్నవాడికి వినబడదు. అధికార పంపకం అనే శాస్త్రమంతా ఈ రెండు ముక్కల చుట్టూనే తిరుగుతుందని నా అభిప్రాయం. ఏ దేశమైనా ఈ విషయంలో చేయవలసింది వినే చెవినీ, సంతకం పెట్టే చేతినీ వీలైనంత దగ్గరకు తేవడమే.

ఆనాటి మన ప్రాంతపు పటం చూస్తే మరో వింత కనబడుతుంది. నంద్యాల, సిరివెళ్ళ ప్రాంతాలు 1839 దాకా కర్నూలు నవాబు ఏలుబడిలో ఉండేవి. ఆ ఏడు కంపెనీ నవాబు గులాం రసూల్ ఖాన్‌ను గద్దె దించింది. పక్కనే బనగానపల్లెకు వేరే నవాబు. అది దాటితే కోయిలకుంట్ల కంపెనీది. రెండు రోజుల ఎద్దులబండి ప్రయాణంలో మూడు ప్రభుత్వాలు! 1858లో కోయిలకుంట్లను కడప నుంచి, పత్తికొండను బళ్ళారి నుంచి తీసి కలిపిన తర్వాతే మనమెరిగిన కర్నూలు జిల్లా ఏర్పడింది.

బనగానపల్లె మాత్రం 1948 దాకా స్వదేశ సంస్థానంగానే మిగిలింది. 9 తోపుల సలాము మర్యాద ఉన్న చిన్న సంస్థానం అది. లోపలి పాలన నవాబుది, పైపెత్తనం బ్రిటిషువారిది. ఖజానా వ్యవహారం చెడిపోయిందని 19వ శతాబ్దంలో కొన్నేళ్ళు, 1905లో మరి కొన్ని నెలలు మద్రాసు ప్రభుత్వమే పాలనను చేతిలోకి తీసుకుని, తర్వాత తిరిగి ఇచ్చింది. పోలిక పూర్తిగా కుదరకపోవచ్చు గాని, ఈనాటి రాష్ట్రపతి పాలన అనే మాట వింటే బనగానపల్లె చరిత్ర గుర్తుకు రాక మానదు.

లోకంలో ఎవరెలా పంచుకున్నారు?

ఇతర దేశాల సంగతి క్లుప్తంగా చూద్దాం. అమెరికాలో 13 రాష్ట్రాలు ముందున్నాయి, కేంద్రం తర్వాత వచ్చింది. 1787లో రాసుకున్న రాజ్యాంగం ప్రకారం కేంద్రానికి కొన్ని అధికారాలు లెక్కపెట్టి ఇచ్చారు. మిగిలినవన్నీ రాష్ట్రాలకో, ప్రజలకో చెందుతాయని 1791లో చేసిన 10వ సవరణ స్పష్టం చేసింది. జనాభా ఎంతైనా సెనేటులో రాష్ట్రానికి ఇద్దరే సభ్యులు. కెనడా 1867లో దీనికి ఎదురుదారి పట్టింది. జాబితాలకెక్కని మిగులు అధికారాలను కేంద్రానికి ఇచ్చింది. జర్మనీలో కేంద్ర పార్లమెంటు ఎగువ సభలో రాష్ట్ర ప్రభుత్వాల ప్రతినిధులే కూర్చుంటారు. బ్రిటన్ ఒకే పార్లమెంటు దేశం. అయినా 1999లో స్కాట్లండుకు వేరే శాసనసభ ఏర్పడింది.

సోవియట్ యూనియన్ సంగతి వేరు. రిపబ్లిక్కులకు విడిపోయే హక్కు కూడా కాగితం మీద ఉండేది. అధికారం మాత్రం మాస్కోలో ఒకే పార్టీ చేతిలో ఉండేది. 1991 డిసెంబరులో ఆ యూనియనే లేకుండా పోయింది. కాగితం మీది హక్కులు ఆచరణలో లేనప్పుడు ఎంత పెద్ద కట్టడమైనా నిలవదనడానికి అంతకంటే పెద్ద సాక్ష్యం అక్కరలేదు.

మన దేశం కెనడా వైపు మొగ్గింది. మిగులు అధికారాలు కేంద్రానివే. భారతదేశం రాష్ట్రాల యూనియన్ అని మొదటి అధికరణం అంటుంది. కొత్త రాష్ట్రాలు చేసే, సరిహద్దులు మార్చే అధికారాన్ని 3వ అధికరణం పార్లమెంటుకిచ్చింది. దేశ విభజన గాయం పచ్చిగా ఉన్న రోజుల్లో రాసుకున్న రాజ్యాంగం గనుక బలమైన కేంద్రం కావాలనుకోవడంలో ఆశ్చర్యం లేదు. ఒక విషయంలో మాత్రం మన పెద్దలు పంపకం జోలికి పోలేదు. అది న్యాయస్థానం. అమెరికాలో కేంద్ర కోర్టులు వేరు, రాష్ట్ర కోర్టులు వేరు. మనకు ఒకే వరుస. కింది కోర్టు, హైకోర్టు, సుప్రీంకోర్టు ఒకే నిచ్చెనకు మెట్లు. దాని వల్ల పింఛనుదారులకు కలిగిన మేలు చివర్లో చెబుతాను.

మద్రాసు, కర్నూలు, హైదరాబాదు

జాబితాల ఆలోచన స్వరాజ్యంతో పుట్టింది కాదు. 1919 చట్టం రాష్ట్ర పాలనను రెండు ముక్కలు చేసింది. విద్య, వైద్యం, స్థానిక సంస్థలు ప్రజా మంత్రులకిచ్చి. పోలీసు, భూమి శిస్తు, నీటిపారుదల, ఆర్థికం గవర్నరు మనుషుల వద్ద ఉంచింది. అంటే బడి పెట్టే బాధ్యత ఒకరిది, డబ్బు పెట్టె తాళం మరొకరిది. 1935 చట్టం మూడు జాబితాలు తెచ్చింది. 1937లో రాష్ట్రాలకు స్వపరిపాలన వచ్చింది.

సరిగ్గా ఆ ఏడే, 1937 నవంబరు 16న, మద్రాసులో శ్రీబాగ్ ఒడంబడిక కుదిరింది. ఆంధ్ర రాష్ట్రం వస్తే అధికారం మద్రాసు నుంచి కోస్తాకు మారుతుందే తప్ప రాయలసీమకు ఒరిగేదేమిటని మనవారి సందేహం. అందుకే తుంగభద్ర, కృష్ణ, పెన్న నీటిలో సీమకు ముందుపీట. రాజధాని, హైకోర్టులలో ఒకటి సీమకు. అనంతపురంలో విశ్వవిద్యాలయ కేంద్రం అని షరతులు రాసుకున్నారు. రాష్ట్రం ఏర్పడక ముందే దాని లోపలి పంపకం గురించి ఒప్పందం చేసుకోవడం గమనార్హం. అధికారం ఢిల్లీ నుంచి రాష్ట్ర రాజధానికి వస్తే సరిపోదు, అక్కడి నుంచి ఎటు పోతుందన్నది కూడా ముఖ్యమేనని సీమ పెద్దలు అప్పుడే గ్రహించారు.

పొట్టి శ్రీరాములుగారి ఆత్మార్పణ తర్వాత 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. కర్నూలు రాజధాని అయింది. ఆఫీసులకు కట్టడాలు చాలక గుడారాలు వేశారు. మూడేళ్ళపాటు నంద్యాల, ఆళ్ళగడ్డల రైతు పొద్దున బయలుదేరి తన ముఖ్యమంత్రి ఉన్న ఊరికి వెళ్ళి రాగలిగాడు. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ అవతరణతో రాజధాని హైదరాబాదుకు తరలింది.

ఆ తర్వాతి గొడవలలో ఉద్యోగులే కేంద్రబిందువు. ముల్కీ నిబంధనల మీద 1969లో తెలంగాణలోను, 1972-73లో ఆంధ్ర, రాయలసీమలలోను ఉద్యమాలు వచ్చాయి. 1973 జనవరిలో పి.వి. నరసింహారావుగారి మంత్రివర్గం పోయి రాష్ట్రపతి పాలన వచ్చింది. ఆరు సూత్రాల ఒప్పందం, 32వ రాజ్యాంగ సవరణ, దాని ద్వారా వచ్చిన 371-డి అధికరణం, 1975 నాటి రాష్ట్రపతి ఉత్తర్వులు, నాలుగో జోను అన్నవి మన సర్వీసు పుస్తకాలలో స్థిరపడిన మాటలు. రాష్ట్రంలో జూనియర్ అసిస్టెంటు ఏ జిల్లావాడై ఉండాలన్నది ఢిల్లీలో రాష్ట్రపతి ఉత్తర్వు ద్వారా తేలడం మన రాష్ట్రానికి దక్కిన ప్రత్యేకత!

సర్వీసు కేసుల కోసం వచ్చిన పరిపాలనా ట్రిబ్యునల్‌కు మొదట్లో ఒక లోపం ఉండేది. ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పును మార్చే, రద్దు చేసే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికే ఉండేది. అంటే కేసులో ఓడిన పక్షమే తీర్పు దిద్దుకోవచ్చు. సుప్రీంకోర్టు ఆ క్లాజును 1986 చివర కొట్టివేసింది. ట్రిబ్యునల్ తర్వాతి కాలంలో రద్దయి, కేసులు తిరిగి హైకోర్టుకు చేరాయి.

నంద్యాల పంపిన ఇద్దరు

మన లోక్‌సభ స్థానానికి కేంద్ర రాష్ట్ర చరిత్రలో ప్రత్యేక స్థానం ఉంది. 1977లో ఉత్తర దేశమంతా కాంగ్రెసు ఓడినా ఆంధ్రప్రదేశ్‌లో 42 స్థానాలకు 41 గెలిచింది. మిగిలిన ఆ ఒక్కటీ నంద్యాల. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్లు ఇక్కడ జనతా అభ్యర్థి నీలం సంజీవరెడ్డిగారు నెగ్గారు. స్పీకరయ్యారు. ఆ జూలైలో ఏకగ్రీవంగా రాష్ట్రపతి అయ్యారు. 1980లో తొమ్మిది రాష్ట్రాల శాసనసభలు ఒకేసారి రద్దయినప్పుడు రాష్ట్రపతి స్థానంలో ఉన్నది ఆయనే.

1983లో ఎన్.టి. రామారావుగారు తెలుగువారి ఆత్మగౌరవం నినాదంతో అధికారానికి వచ్చారు. కేంద్రం మిథ్య అన్న ఆయన మాట దేశమంతా చర్చకు వచ్చింది. ఆ ఏడే కేంద్ర రాష్ట్ర సంబంధాల మీద జస్టిస్ సర్కారియా కమిషన్ ఏర్పడింది. 1984 ఆగస్టు 16న గవర్నరు రాంలాల్ ఆయన ప్రభుత్వాన్ని తొలగించగా, ప్రజాందోళనతో సరిగ్గా నెలకు, సెప్టెంబరు 16న, మళ్ళీ ముఖ్యమంత్రి అయ్యారు.

అటువంటి రామారావుగారే 1991 నవంబరు నంద్యాల ఉప ఎన్నికలో పోటీ పెట్టలేదు. ఆ జూన్‌లో ప్రధాని అయిన పి.వి. గారు అప్పటికి ఏ సభలోను సభ్యులు కారు. గంగుల ప్రతాపరెడ్డిగారు తమ స్థానం ఖాళీ చేశారు. తెలుగువాడు ప్రధాని అవుతున్నాడని తెలుగుదేశం తప్పుకుంది. పి.వి. గారు 5 లక్షల 80 వేలకు పైగా ఆధిక్యంతో గెలిచారు. ఢిల్లీ పెత్తనాన్ని ఎదిరించడానికి పుట్టిన పార్టీ, ఢిల్లీ పీఠం మీద తెలుగువాడు కూర్చోవడానికి నంద్యాలలో దారి విడిచింది. ప్రాంతీయాభిమానం, జాతీయ భావం రెండూ ఒకదానికొకటి శత్రువులు కావని ఆ ఎన్నిక చెప్పింది.

పి.వి. గారి హయాంలో 1992 డిసెంబరులో నాలుగు రాష్ట్రాలు రాష్ట్రపతి పాలన కిందికి వెళ్ళాయి. 1994 మార్చి 11న బొమ్మై కేసులో తీర్పిస్తూ, ఆ అధికారాన్ని కోర్టులు పరిశీలించవచ్చునని, మెజారిటీ తేలవలసింది రాజభవనంలో కాదు, సభలోనే అని సుప్రీంకోర్టు అన్నది. అప్పటి నుంచి ఆ అధికారం ప్రయోగం బాగా తగ్గింది.

నీటికి సరిహద్దు లేదు

నంద్యాల, ఆళ్ళగడ్డల రైతుకు మూడు జాబితాల కంటే కె.సి. కాలువ ముఖ్యం. 1860లలో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ అనే ప్రైవేటు సంస్థ సుంకేసుల దగ్గర తుంగభద్ర మీద ఆనకట్ట కట్టి కడప దాకా తవ్విన ఈ కాలువను, నష్టాలొచ్చాక 1882లో ప్రభుత్వం కొన్నది.

రాజ్యాంగంలో నీరు రాష్ట్ర జాబితాలో 17వ అంశం. అయితే రాష్ట్రాల మధ్య పారే నదులు కేంద్ర జాబితాలో 56వ అంశం. తుంగభద్ర కర్ణాటకలో పుట్టి మన దగ్గరకు వస్తుంది. పైవాడు గేటు దించితే మన కాలువ ఎండుతుంది. 1953లో రాష్ట్రం విడిపోయినప్పుడే తుంగభద్ర బోర్డు ఏర్పడింది. కృష్ణా జలాల మీద జస్టిస్ బచావత్ ట్రిబ్యునల్ 1973లో తీర్పిస్తూ 2060 టి.ఎం.సి.లలో మహారాష్ట్రకు 560, కర్ణాటకకు 700, ఆంధ్రప్రదేశ్‌కు 800 కేటాయించింది. అందులో కె.సి. కాలువ వాటా 39.9.

ఈ విషయంలో తగాదాలే కాదు, సఖ్యత కూడా మన సీమ చూసింది. మద్రాసు నగర దాహం తీర్చడానికి మూడు రాష్ట్రాలు తలా 5 టి.ఎం.సి.లు వదులుకోవడానికి 1976లో ఒప్పుకున్నాయి. 1983లో రామారావుగారు, ఎం.జి. రామచంద్రన్‌గారు ఒప్పందం చేసుకున్నారు. శ్రీశైలం నీరు పోతిరెడ్డిపాడు, బనకచర్ల, వెలుగోడు మీదుగా నల్లమల అంచున మన పొలాలను తడుపుతూ పోయే తెలుగుగంగ ఆ ఒప్పందం ఫలితమే. 1996లో నీరు తమిళనాడు చేరింది. పోట్లాడుకునే వారే కూర్చుని మాట్లాడుకుంటే ట్రిబ్యునల్ చేయలేనిది చేయగలరనడానికి ఆ కాలువే రుజువు.

పంచడం వేరు, దించడం వేరు

ఇంతవరకు చెప్పింది ఢిల్లీకీ, రాష్ట్ర రాజధానికీ మధ్య పంచుకోవడం గురించి. కాని అధికారం కిందికి దిగిందా?

నంద్యాల గెలిపించిన ఇద్దరికీ ఈ విషయంలో పాత్ర ఉండడం విశేషం. సంజీవరెడ్డిగారు ముఖ్యమంత్రిగా ఉండగానే 1959 నవంబరు 1న మన రాష్ట్రంలో పంచాయితీ సమితులు, జిల్లా పరిషత్తులు మొదలయ్యాయి. రాజస్థాన్ తర్వాత మనమే. పి.వి. గారు నంద్యాల సభ్యులుగా ప్రధానిగా ఉండగా 73వ, 74వ సవరణలు జరిగాయి. పంచాయితీల సవరణ 1993 ఏప్రిల్ 24న, పురపాలక సంఘాల సవరణ జూన్ 1న అమలులోకి వచ్చాయి. ఐదేళ్ళకొకసారి ఎన్నికలు, మహిళలకు మూడో వంతుకు తగ్గని స్థానాలు, రాష్ట్ర ఎన్నికల సంఘం, రాష్ట్ర ఆర్థిక సంఘం తప్పనిసరి అయ్యాయి. పంచాయితీలకు 29, పురపాలక సంఘాలకు 18 విషయాలు జాబితాలకెక్కాయి.

అయితే ఆ విషయాలను అప్పగించే దగ్గర రాజ్యాంగం రాష్ట్ర శాసనసభ "ఇవ్వవలెను" అనలేదు, "ఇవ్వవచ్చును" అన్నది. జీవితమంతా జి.ఓ.లు చదివిన మనకు ఆ రెండు మాటల తేడా ఎవరూ చెప్పనక్కరలేదు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్నట్లు, ఢిల్లీ నుంచి అధికారాలు అడిగే రాష్ట్రాలు తమ కింది సంస్థలకు ఇవ్వడంలో చేయి ముడుచుకున్నాయి. పార్టీ ఏదైనా ఇందులో తేడా లేదు. తప్పనిసరి అన్న ఎన్నికలే మన రాష్ట్రంలో 2013 తర్వాత మళ్ళీ 2021లో గాని పంచాయితీలకు జరగలేదు. మధ్యకాలంలో ప్రత్యేకాధికారులే పాలించారు.

కాని దిగిన మెట్లను కూడా ఒప్పుకోవాలి. 1984లో గ్రామాధికారుల వ్యవస్థ రద్దయింది. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. ఆళ్ళగడ్డ తాలూకాఫీసు దాకా పోవలసిన పని రుద్రవరంలోనే, చాగలమర్రిలోనే అయ్యే వీలు కలిగింది. 2019లో గ్రామ సచివాలయాలు వచ్చాయి. 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా ఏర్పడింది. రాష్ట్రాన్ని విభజించడానికి పార్లమెంటు కావాలి. జిల్లాను విభజించడానికి రాష్ట్ర ప్రభుత్వ నోటిఫికేషన్ చాలు. ఆళ్ళగడ్డ నుంచి కర్నూలు కలెక్టరాఫీసుకు వంద కిలోమీటర్ల పైమాట. ఇప్పుడు కలెక్టరుగారు అందులో సగం దూరం కూడా లేని నంద్యాలలో ఉంటారు. చెవి దగ్గరయింది. సంతకం పెట్టే చేయి కూడా దగ్గరయిందా అన్నది ఇక మీద తేలవలసిన విషయం.

డబ్బు సంగతి కూడా చెప్పుకోవాలి. కేంద్రం పంచే పన్నుల రాబడిలో రాష్ట్రాలకు 42 శాతం ఇవ్వాలని 14వ ఆర్థిక సంఘం, 41 శాతమని 15వ సంఘం చెప్పాయి. సెస్సులు, సర్‌చార్జీలు ఈ లెక్కలోకి రావు. 2017 జూలై 1 నుంచి జి.ఎస్.టి. వచ్చాక అమ్మకం పన్ను నిర్ణయించే సొంత అధికారం చాలావరకు ఉమ్మడి కౌన్సిలుకు పోయింది. అక్కడ కేంద్రానికి మూడో వంతు ఓటు, రాష్ట్రాలన్నింటికీ కలిపి రెండు వంతులు; నాలుగింట మూడు వంతుల మద్దతు లేనిదే తీర్మానం నెగ్గదు. అంటే కేంద్రం ఒప్పుకోనిదే ఏదీ జరగదు.

దయ కాదు, హక్కు

2014 జూన్ 2న రాష్ట్రం రెండయినప్పుడు మనలో చాలామందికి కలిగిన మొదటి భయం పింఛను గురించే. కొన్నేళ్ళు ఒకచోట, కొన్నేళ్ళు మరోచోట పనిచేసినవారికి ఎవరివ్వాలి? విభజన చట్టంలో ఎనిమిదవ షెడ్యూలు మొత్తం దానికే కేటాయించారు. జనాభా లెక్కన 58.32, 41.68 నిష్పత్తిలో భారం పంచారు. రెండు ప్రభుత్వాలకు ఎన్ని తగాదాలున్నా మన పింఛను ఆగలేదు. పంపకం ముందుగా చట్టంలో స్పష్టంగా రాసుకుంటే సామాన్యుడి మీద దెబ్బ పడదనడానికి ఇది చక్కని తార్కాణం.

నకారా కేసు తీర్పు వచ్చిన డిసెంబరు 17ను మనం పెన్షనర్ల దినంగా జరుపుకుంటాం. 1982లో ఆ రోజున సుప్రీంకోర్టు పింఛను అనేది యజమాని దయతో ఇచ్చే బహుమానం కాదు, చేసిన సేవకు ఉద్యోగి సంపాదించుకున్న హక్కు అని చెప్పింది. ఆ కేసు కేంద్ర పింఛనుదారులది. పింఛన్లు రెండు జాబితాలలో వేరుగా ఉన్నాయి గదా, మాకేమిటని ఏ రాష్ట్రమూ అనలేకపోయింది. ముందు చెప్పిన ఒకే వరుస న్యాయస్థానాల మేలు ఇదే. అధికారాన్ని ఎంతమందికైనా పంచవచ్చు, హక్కు మాత్రం అందరికీ ఒకటే కావాలి.

అయినా పని పూర్తి కాలేదు. 2004 సెప్టెంబరు 1 తర్వాత రాష్ట్ర సర్వీసులో చేరిన మన పిల్లలకు ఈ పాత పింఛను లేదు. వాటా చెల్లించే పథకంలో చేర్చారు. వారి సమస్య విన్నవారు ఢిల్లీ వైపు చూపిస్తారు, అక్కడివారు రాష్ట్రం వైపు చూపిస్తారు. వినేవారొకరు, ఇచ్చేవారొకరు అన్న పాత రోగమే ఇది.

1846లో ఉయ్యాలవాడలో భరణం అడిగిన మనిషికి చట్టంలో ఆధారం లేదు, వెళ్ళడానికి కోర్టు లేదు, ఓటు లేదు, సంఘం లేదు. మనకు నాలుగూ ఉన్నాయి. అడగనిదే అమ్మైనా పెట్టదంటారు. ఎవరిని అడగాలో తెలిస్తే అడగడం సులువవుతుంది. కాబట్టి మన సభ్యులు, వారి పిల్లలు, మనుమలు ఆ మూడు జాబితాలను ఒక్కసారైనా చదవాలని, ఏ విజ్ఞప్తి రాసినా అది ఎవరి అధికారంలోనిదో చూసి చిరునామా రాయాలని ఈ వ్యాసం ద్వారా నా మనవి.